కొస నల్లా కాడ సీసా పట్టండి

ఐదో తరగతి పిల్లలను ఒకనాడు అడిగాం: "మీ ఇంటి నల్లాలో నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?" సగం మంది "ట్యాంకీ కెల్లి సార్" అన్నారు. ఒకడు "భగీరథ" అన్నాడు. ఇద్దరు ముగ్గురు "సాగర్ కెల్లి" అన్నారు. మాదిగవాడ నుంచి వచ్చే పిల్ల ఒకతి లేచి, "పటేండ్ల గల్లీ కెల్లి వస్తయి సార్. ఆడ అయిపోయినంక మాకొస్తయి" అంది. క్లాసంతా నవ్వింది. మేమూ నవ్వాం. ఇంటికొచ్చి ఆలోచిస్తే సిగ్గేసింది. ఆనాడు క్లాసులో సరైన జవాబు చెప్పింది ఆ పిల్ల ఒక్కతే.

నీళ్ల గురించి మన పత్రికల్లో రాస్తే ప్రాజెక్టుల గురించి రాస్తాం. సాగు నీళ్ల వాటా, ఏ జిల్లాకు ఎన్ని టీఎంసీలు, ఎవరు ఎవరిని మోసం చేశారు, ఇదీ లెక్క. ఆ లెక్క వద్దనడం లేదు. భూమి ఉన్నోడికి అది బతుకు. మరి భూమి లేని మన వాడకు నీళ్లంటే ఏంది? బిందెలో ఉన్నవే. ఆ బిందెలో నీళ్లు ఎక్కడ పుట్టాయి, ఏ దారిన వచ్చాయి, దారిలో ఏం కలిసింది, ఈ నాలుగు ముక్కలు మన సంఘాల మీటింగుల్లో ఎన్నడూ మాట్లాడుకోలేదు. మేము కూడా ఇరవై ఏండ్లుగా మాట్లాడలేదు. పోయిన వానకాలం మా వాడలో ఇంటికొకరు వాంతులు, విరేచనాలతో మంచం పట్టి, ఒక ముసలవ్వ దక్కకుండా పోయినంక గానీ మాకు తెలివి రాలేదు.

ముందు దారి చూద్దాం. మాది నల్లగొండ జిల్లా. కృష్ణమ్మ మా జిల్లా అంచు ఒరుసుకుంటూ పోతుంది. 1955లో నాగార్జునసాగర్‌కు పునాది వేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద పల్లపు భూములు పచ్చబడ్డాయి. దేవరకొండ, మునుగోడు మెట్ట మీదికి ఆ కాలువ ఎక్కలేదు. అక్కడి జనం బోరింగు నీళ్లు తాగారు. ఆ బోరింగు నీళ్లలో ఫ్లోరైడు. కాళ్లు దొడ్డుకు వంగిపోయిన పిల్లలు, మెడ తిప్పలేని నడివయసు మనుషులు, ముప్పై ఏండ్లకే కట్టె పట్టుకున్న ఆడోళ్లు. ఆ ఊళ్ల పేర్లు పత్రికల్లో ఫొటోల కోసమే వచ్చేవి. ఫొటోల్లో ఉన్న వాళ్లు ఏ వాడల వాళ్లో చూసిన వాళ్లకు తెలుసు. పాలు, పెరుగు, కూరగాయలు తినేటోడి ఎముకకూ, గట్కా తాగేటోడి ఎముకకూ ఫ్లోరైడు ఒక్క తీరు పట్టదు. తిండిలో సున్నం తక్కువైన ఒంటిని అది తొందరగా వంచుతుంది. ఉన్నోడికి ఇంకో ఊరి నుంచి నీళ్లు తెప్పించుకునే బండి కూడా ఉంటుంది.

మన దేశంలో ఈ రోగాన్ని డాక్టర్లు మొదట గుర్తించింది 1937లో, ఇప్పటి ప్రకాశం జిల్లా పల్లెల్లో. అప్పుడది మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా. మా నల్లగొండ పేరు ఈ విషయంలో ప్రపంచమంతా తిరిగింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీళ్లలో ఫ్లోరైడు తగ్గించే ఒక పద్ధతిని నాగపూరులోని నీరి సంస్థ శాస్త్రజ్ఞులు 1970లలో తయారుచేసి దానికి "నల్లగొండ టెక్నిక్" అని పేరుపెట్టారు. ఆఫ్రికాలో కెన్యా, టాంజానియా దాకా ఆ పేరు పోయింది. ఇంజనీరింగు పుస్తకాల్లో ఉంది. జిల్లా పేరు పుస్తకానికి ఎక్కింది కానీ ఆ నీళ్లు మన కుండకు చేరలేదు. 1996 పార్లమెంటు ఎన్నికల్లో నల్లగొండ సీటుకు 480 మంది నిలబడ్డారు. గెలవడానికి కాదు, మా నీళ్ల సంగతి ఢిల్లీకి తెలవాలని. జలసాధన సమితి పిలుపు మీద జనం చేసిన ఆ పని ఈనాటి పోరగాళ్లకు తెలియదు. తెలపాలి.

అయితే ఈ మెట్ట మీదికి కృష్ణ నీళ్లు ఎక్కనే ఎక్కలేదా? ఎక్కాయి. హైదరాబాదు కోసం ఎక్కాయి. సాగర్ వెనుక నీళ్లను పుట్టంగండి కాడ ఎత్తిపోసి అక్కంపల్లి జలాశయంలో నింపుతారు. కోదండాపూర్‌లో శుద్ధి చేసి, నసర్లపల్లి, గోడకొండ్ల, గున్‌గల్ మీదుగా పెద్ద పెద్ద పైపుల్లో సాహెబ్‌నగర్‌కు తోస్తారు. వంద కిలోమీటర్ల పైమాటే. 2004లో మొదటి దశ, 2008లో రెండోది, 2015లో మూడోది. ఒక్కొక్కటి రోజుకు 9 కోట్ల గ్యాలన్ల సామర్థ్యం. మూడూ కలిపితే రోజుకు 120 కోట్ల లీటర్ల పైన. ఫ్లోరైడు తాగుతున్న ఊళ్ల పక్క నుంచే ఆ పైపు పోయింది. పైపు వాల్వు లీకైన చోట బిందెలు పెట్టి పట్టుకున్న ఆడోళ్లను మేము కండ్లారా చూశాం. అప్పుడు ఆ లీకే వాళ్లకు రక్షిత మంచినీటి పథకం.

పట్నపోళ్లను తిట్టడానికి ఇది రాయడం లేదు. పట్నంలో మనోళ్లు లక్షల మంది ఉన్నారు, మూసీ ఒడ్డు బస్తీల్లో, నల్లా కొస ఇండ్లల్లోనే ఉన్నారు. చెప్పదలచుకున్నది నీళ్ల ప్రయాణం గురించి. హైదరాబాదుకు 1908 సెప్టెంబరులో మూసీ వరద వచ్చి వేలమంది పోయినంక, వరద ఆపడానికి మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. 1920లో ఒకటి, 1927లో ఒకటి పూర్తయ్యాయి. అవే తాగునీళ్లు కూడా అయ్యాయి. ఊరు పెరిగితే 1965లో మంజీర నుంచి తెచ్చుకున్నారు, తర్వాత సింగూరు నుంచి, తర్వాత కృష్ణ నుంచి, 2015లో గోదావరి ఎల్లంపల్లి నుంచి. దగ్గరి నీళ్లను పాడుచేసుకుంటూ దూరపు నీళ్లను తెచ్చుకోవడం, ఇదీ మన పట్నాల చరిత్ర. అట్లా తెచ్చుకున్న నీళ్లు తాగి, కడిగి, మురుగు చేసి మళ్లీ మూసీలో కలిపితే ఆ మూసీ ఎటు పోతుంది? పోచంపల్లి, వలిగొండ మీదుగా మన పాత నల్లగొండ జిల్లాలోకే వచ్చి, వాడపల్లి కాడ కృష్ణలో కలుస్తుంది. ఆ కింద పులిచింతల, ఆ కింద విజయవాడ బ్యారేజీ. బెజవాడ వాళ్లు తాగేది కృష్ణ నీళ్లే కదా. మంచిగ పోయిన నీళ్లు మురికిగ తిరిగొచ్చాయి. మూసీ వెంట పొలాల్లో ఆ నురగ నీళ్లలో దిగి నాట్లు వేసిన ఆడోళ్ల కాళ్లు చూడండి. వాళ్లు ఏ వాడల వాళ్లో మళ్లీ చెప్పాలా?

నిజం ఒప్పుకోవాలి. మిషన్ భగీరథ వచ్చినంక మా మెట్ట ఊళ్లకు నది నీళ్లు వచ్చాయి. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో దాన్ని ప్రారంభించారు. ఎన్ని లోపాలు చెప్పినా, ఇప్పుడు పుట్టే పిల్లలు మా తరం పిల్లల తీరు వంగిపోవడం లేదు. ఇది చిన్న సంగతి కాదు. ఎవరి ప్రభుత్వం తెచ్చిందన్న పంచాయితీ పార్టీలకు వదిలేద్దాం. పైసలు జనానివి. కానీ ఆ పథకం లెక్కల్లోనే ఒక మాట ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మనిషికి రోజుకు ఊళ్లో 100 లీటర్లు, మున్సిపాలిటీలో 135, కార్పొరేషన్‌లో 150. ఊరోడికి దూప తక్కువా? గొడ్లూ, పొయ్యీ, పొలం పనీ ఉన్న ఊరోడికి నీళ్లు ఎక్కువ కావాలా, తక్కువ కావాలా? మా ఊరిని తీసుకుపోయి పక్క మున్సిపాలిటీలో కలిపారు. కాగితం మీద మాకు రాత్రికి రాత్రే 35 లీటర్లు పెరిగాయి. నల్లా మాత్రం దినం తప్పి దినమే వస్తున్నది.

ఇక ఊరి లోపలి దారి. అసలు కథ ఇక్కడే ఉంది.

శుద్ధి చేసే కాడ నీళ్లకు పటిక వేసి మడ్డి దించుతారు, ఇసుక పొరల్లో వడగడతారు, క్లోరిన్ కలుపుతారు. అక్కడిదాకా నీళ్లకు కులం లేదు. రెడ్డి నీళ్లు, మాదిగ నీళ్లు అని వేర్వేరు గుంటలు ఉండవు. ఊరి ట్యాంకీ దాకా కూడా లేదు. ట్యాంకీ దిగి పైపులో పడ్డంకనే కులం మొదలైతది. మా ఊళ్లో ట్యాంకీ ఎక్కడుంది? గుడి వెనక, మెరక మీద, ఊరి నడుమ. లైను మొదలు ఎవరి ఇండ్ల ముందు నుంచి పోతుంది? మీ ఊళ్లోనూ చూడండి, ఒకటే తీరు ఉంటుంది. మాల, మాదిగ వాడలు ఊరికి పల్లంలో, వాన నీళ్లూ మురికి నీళ్లూ దిగే దిక్కున ఉంటాయి. ఊరి మురికి పారే దిక్కు చూసి మనల్ని కూర్చోబెట్టింది మనువు. ఇంజనీరు ఆ నక్షా మీదనే పైపు గీత గీశాడు. పైపు కొస మన వాడ. మోరీ కొస కూడా మన వాడే. రెండు కొసలూ కలిసిన చోట మన బిందె.

ఈ మాట ఊరికే తిట్టు కోసం అనడం లేదు. దీనిలో ఒక యంత్రం ఉంది, అది అర్థం చేసుకోవాలి. నల్లా నీళ్లు ఇరవై నాలుగు గంటలూ రావు. గంటసేపు వదిలి ఆపుతారు. నీళ్లు ఒత్తిడితో పారుతున్నంతసేపు పైపుకు పగులున్నా నీళ్లు లోపలి నుంచి బయటికి చిమ్ముతాయి, బయటిది లోపలికి రాదు. వాల్వు కట్టేసినంక పైపు ఖాళీ అవుతుంది. ఖాళీ అయ్యే పైపు గాలిని గుంజుకుంటుంది. పగులు మోరీలో మునిగి ఉంటే మోరీ నీళ్లనే గుంజుకుంటుంది. మర్నాడు వాల్వు తిప్పితే మొదట వచ్చేది ఆ నీళ్లే. పైపులో చేరిన మురికి ఎటు పోతుంది? కొసకు. పైన గల్లీలో కొందరు లైనుకే మోటారు బిగించి గుంజుతున్నారు. వాళ్ల డాబా మీది ట్యాంకీ నిండేసరికి కింద గుంజుడు ఇంకా పెరుగుతుంది. వాళ్ల మోటారు మన మోరీని మన పైపులోకి ఎక్కిస్తుందన్న మాట. వాళ్లు మన మీద కోపంతో చెయ్యనక్కరలేదు. స్విచ్ వేసుకుని కాఫీ తాగుతూ కూర్చుంటే చాలు, పని జరిగిపోతుంది.

ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు. 2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో గుంటూరులో నల్లా నీళ్లలో మురుగు కలిసి జనం ప్రాణాలు పోయాయి. రెండు చోట్లా చచ్చింది పేదలుండే గల్లీల వాళ్లు. మురుగు నీళ్లు జూబ్లీహిల్స్ నల్లాలో కలిసి మనుషులు చచ్చారని మేము ఎన్నడూ వినలేదు.

మా వాడలో రోగం వచ్చినప్పుడు వైద్య శాఖ వాళ్లు వచ్చి మందుబిళ్లలు పంచారు. నీళ్లు మరగబెట్టి తాగండని చెప్పారు. మంచిమాటే. మేమూ అదే చెబుతాం. ఒక నిమిషం తెర్లుతూ మరిగితే క్రిములు చస్తాయి. కానీ గ్యాసు బండ ధర చూసి కూరే ఒకపూట వండుకుంటున్న ఇంట్లో కుటుంబానికంతటికీ నీళ్లు మరగబెట్టమని చెప్పి పోయినోడు ఆ గ్యాసుకు పైసలు ఎవరిస్తారో చెప్పలేదు. ఇంకో సంగతి. బోరు నీళ్లు మరగబెడితే క్రిములు పోతాయి గానీ ఫ్లోరైడు పోదు. నీళ్లు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. భగీరథ నీళ్లు చాలని నాడు మా ఊళ్లో అదే ట్యాంకీలోకి బోరు నీళ్లు ఎక్కించి కలుపుతున్నారు. ఎందుకంటే "నీళ్లు రాలేదని గొడవ చేస్తరు గద" అన్నారు. పోయిందనుకున్న ఫ్లోరైడు అట్లా దొడ్డిదారిన వస్తున్నది.

నీళ్ల పరీక్ష సంగతి అడిగితే ఆఫీసులో కాగితం చూపించారు. అన్నీ సరిగా ఉన్నాయి. క్లోరిన్ ఉంది, క్రిములు లేవు. "సార్, నీళ్లు ఎక్కడ పట్టారు?" అని అడిగాం. "ట్యాంక్ దగ్గర." "వాడలో పట్టలేదా?" "ట్యాంకే కదండీ సోర్సు." ట్యాంకీలో మంచిగ ఉన్నాయని మాకూ తెలుసు. ట్యాంకీ కింద కూర్చుని తాగుతున్నామా మేము?

అప్పుడు మేమే పట్టాం. క్లోరిన్ చూసే పెట్టె, క్లోరోస్కోపు అంటారు, వాటర్‌మన్ దగ్గరే ఉంది. నీళ్లలో నాలుగు చుక్కల మందు వేస్తే క్లోరిన్ ఉన్నంత మేరకు పసుపు రంగు తిరుగుతుంది. బడి పిల్లలను వెంటేసుకుని మూడు చోట్ల పట్టాం. ట్యాంకీ కాడ నిమ్మపండు తీరు పసుపు. బజారు నడుమ లేత పసుపు. మాదిగవాడ కొస నల్లా కాడ నీళ్ల రంగే. పిల్లలు ఎంతసేపు చూసినా మారలేదు. ఇంకో సీసా ఉంటుంది. అందులో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు పెడితే, మలం నుంచి వచ్చే క్రిములు ఉన్న నీళ్లయితే నల్లబడతాయి. ట్యాంకీ సీసా అట్లనే ఉంది. మా సీసా మర్నాటికే నల్లబడింది. దాన్ని బడి బీరువా మీద పెట్టాం. అప్పుడు పిల్లలకు ఏ పాఠమూ చెప్పాల్సిన పని లేకపోయింది.

కాగితం మీద రూలు ఏముందో వినండి. తాగునీళ్లకు మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 10500. 2012లో సవరించారు. అందులో క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలని ఉంది. దాన్ని ఎక్కడ పరీక్షించాలి? వాడుకునేవాడి కాడ అని ఆ ప్రమాణంలోనే రాసి ఉంది. మలం క్రిమి ఈ.కోలి 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఒక్కటి కూడా కనపడకూడదు. ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా. ట్యాంకీ కాడ సీసా పట్టి వాడ నీళ్లు మంచివని రాసే అధికారి రూలు తప్పుతున్నాడు. మనం దయ అడగడం లేదు, వాళ్ల రూలు వాళ్లకు చూపిస్తున్నాం.

వాటర్‌మన్ మా వాడ పిల్లగాడే. వాళ్ల తాత ఊరి చెరువుకు నీరటి. తెలంగాణలో చాలా ఊళ్లలో నీరటి మనోడే. చెరువు తూము ఎత్తేది, ఎవరి మడికి ఎంత పారాలో చూసేది, రాత్రిపూట కట్ట తెగకుండా కాపలా కాసేది మనోడు. పొలానికి మనోడు వదిలిన నీళ్లు మైల కాదు. అదే మనిషి చేదబావి కాడికి పోతే ఎవరైనా దయతలచి పైనుంచి పోసినదాకా నిలబడాలి. ఇప్పుడు మనుమడు వాల్వు తిప్పుతున్నాడు. చాలీచాలని జీతం, అదీ నెలకు నెల రాదు. మేము అతని మీద కోపం చేసుకుంటే ఏమన్నాడో చెబుతాం: "సారూ, నేను తిప్పేటోన్ని గానీ లైను ఏసినోన్ని గాదు. వాడకు అర్ధగంట ఎక్కువ ఇడిస్తే పైగల్లీ నుంచి ఫోన్ వస్తది. తక్కువ ఇడిస్తే మీరొస్తరు. బ్లీచింగ్ బస్తా మూతి ఇప్పి ఆర్నెల్లయింది, అది సున్నపు పిండి అయింది, ఏసినా ఒకటే ఎయ్యకున్నా ఒకటే. కొత్త బస్తా అడిగితే నన్నే బెదిరిస్తరు." మూతి తెరిచి తేమలో పెట్టిన బ్లీచింగ్ పౌడరులో క్లోరిన్ ఎగిరిపోతుంది, అతను చెప్పింది సైన్సే. నీళ్లు మంచిగ రాలేదని ఆ పిల్లగాని కాలర్ పట్టుకునే మన యువకులకు ఒక మాట. వాల్వు చేతిలో ఉన్నోడు వేరు, తాళం చెవి చేతిలో ఉన్నోడు వేరు.

శుద్ధి అన్న మాటను ఈ దేశంలో రెండు తీర్లుగా వాడారు. 1924లో మహద్ మున్సిపాలిటీ చౌదార్ చెరువును అంటరానివాళ్లకు తెరిచినట్టు తీర్మానం చేసింది. కాగితం మీద తెరిచింది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచిపోయి ఆ నీళ్లు దోసిట పట్టి తాగినంక సవర్ణులు పేడ, గోమూత్రం కలిపిన కుండలు గుమ్మరించి చెరువును "శుద్ధి" చేశారు. పేడ కలిపితే శుద్ధి, మనిషి తాగితే మైల! చెరువు మీద హక్కు బొంబాయి హైకోర్టులో తేలేసరికి 1937 అయింది. 1985 జూలైలో కారంచేడులో మాదిగలు తాగే చెరువు కాడ గేదెల కుడితి కడిగి నీళ్లు పాడుచేస్తుంటే వద్దన్నందుకు గొడవ మొదలైంది. కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, ఆరుగురిని చంపారు. మన ఉద్యమం అక్కడి నుంచి లేచింది. అంటే తాగే నీళ్ల నాణ్యత మీద మాదిగ పల్లె అడిగిన ఒక్క మాట నుంచి లేచింది. నీళ్ల నాణ్యత అన్న మాటను ఇంజనీర్ల మాట అనుకుంటున్నాం గానీ, అది మొదట మన మాటే. 2022 డిసెంబరులో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లా వేంగైవయల్‌లో దళితులు తాగే ట్యాంకీలో మనిషి మలం కలిపారు. పిల్లలు జబ్బుపడితే ట్యాంకీ ఎక్కి చూసి కనుక్కున్నారు. చివరికి 2025 జనవరిలో పోలీసులు ఆ వాడవాళ్లనే ముగ్గురిని నిందితులని చార్జిషీటు వేశారు. వాడ జనం అది ఒప్పుకోలేదు. దళితులు వాడే నీళ్లను పాడుచేయడం 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో నేరం. ట్యాంకీ ఎక్కి మలం వేసినోడిని ఆ చట్టం పట్టుకోవచ్చు. మోరీలో పైపు వేసి ఏండ్ల తరబడి అదే పని చేయిస్తున్న వాళ్లను ఏ చట్టం పట్టుకుంటుంది?

ఇంకో దిక్కు క్యాన్ల వ్యాపారం. నల్లా నీళ్ల మీద నమ్మకం పోయిన ప్రతి ఇల్లూ ఆర్వో ప్లాంటు కాడికి పోతున్నది. ప్లాంటు ఎవరిది? ఊరి పెద్దకులపోడిదే. బోరు అతనిది, భూమి అతనిది, కింద నీళ్లు అందరివి. సగం దాకా నీళ్లు ఉప్పునీళ్లని పారబోసి, మిగిలినవి మనకు అమ్ముతాడు. పారబోసిన నీళ్లు మళ్లీ మన వాడ మోరీలోకే. కూలికి పోయినోడు వచ్చిన పైసల్లోంచి నీళ్లు కొని తాగుతున్నాడు. బావికి రానియ్యలేదు అప్పుడు, క్యానుకు పైసలిస్తే రమ్మంటున్నాడు ఇప్పుడు. దీన్ని మార్పు అంటారేమో, మాకు తెలియదు. మా ఇంట్లో కూడా క్యాన్ ఉంది, ఒప్పుకుంటున్నాం. జీతమొచ్చే ఇల్లు కాబట్టి ఉంది. అది పెట్టుకున్నంక మా ఇంట్లో నల్లా నీళ్ల గురించి మాట్లాడటం తగ్గింది. మన చదువుకున్నోళ్లకు పట్టిన రోగం అదే.

మా వాడ లోపలి సంగతి కూడా దాచం. లైను ముందు మాలవాడలోకి వచ్చి, తర్వాత మాదిగవాడకు పోతుంది. మాలవాడ నల్లాలు కట్టెయ్యకుండా వదిలేస్తే మాదిగవాడకు సన్నగ దారపు పోగు తీరు వస్తుంది. మాదిగవాడ కొసన డక్కలి ఇండ్లు రెండున్నాయి. వాళ్లకు లైనే లేదు, మాదిగవాడలో అడిగి పట్టుకుంటారు. పైగల్లీ మనకు చేసిందే మనం కిందికి చేస్తున్నాం. ఈ మాట మీటింగులో అన్నప్పుడు ఇద్దరు పెద్దమనుషులు లేచిపోయారు. పోనీ. పోయినోళ్లు తెల్లారి వచ్చి నల్లాకు తిరుగుడు మూత బిగించారు.

కార్యకర్తలకు మా విన్నపం. మీ ఊళ్లో నీళ్లు ఏ నది నుంచి, ఏ శుద్ధి కేంద్రం నుంచి, ఎన్ని ట్యాంకీలు దాటి వస్తున్నాయో ముందు తెలుసుకోండి. చెప్పకపోతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. పైపు మోరీలోంచి పోయిన ప్రతి చోటా గుర్తు పెట్టి నక్షా గీయండి, బడి పిల్లలు గీస్తారు. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడోళ్లకు నీళ్ల పరీక్ష నేర్పాలని ఉంది. ఆ ఐదుగురు ఎవరో అడగండి, వాళ్లలో మన వాడ ఆడోళ్లు ఎందరో అడగండి. మున్సిపాలిటీలో కలిసిన ఊళ్లయితే వార్డు మీటింగులో అడగండి. రోడ్డు మీద బైఠాయించేముందు చేతిలో నల్లబడిన సీసా ఉండాలి. మేము సీసా లేకుండా మూడుసార్లు పోయాం, చాయ్ తాగించి పంపారు. సీసాతో ఒక్కసారి పోయాం, ఇంజనీరు లేచి నిలబడ్డాడు. మోరీలో ఉన్న ముక్క పైపును పైకి లేపి మారుస్తామని రాసిచ్చాడు. ఇంకా మార్చలేదు.

"పటేండ్ల గల్లీ కెల్లి" అన్న పిల్ల ఇప్పుడు ప్రతి సోమవారం బడికి వచ్చేముందు కొస నల్లా కాడ నీళ్లు పట్టి తెస్తున్నది. రెండు రూపుల నోటుబుక్కులో తారీఖు, నీళ్లు వచ్చిన టైము, రంగు రాసుకుంటున్నది. పోయిన నెల నాలుగు సోమవారాల్లో ఒక్కనాడే పసుపు తిరిగింది. ఆనాడు ఊళ్లోకి కలెక్టరు వచ్చాడు. మీ ఊళ్లోనూ ఇట్లాంటి బుక్కు పెట్టండి, ఒక నెల లెక్క రాసి ఈ పత్రిక చిరునామాకు పంపండి. ఊరి పేరు, ట్యాంకీ కాడి రంగు, కొస నల్లా కాడి రంగు, అంతే రాయండి. వచ్చినవన్నీ పక్కపక్కన అచ్చు వేయమని సంపాదకులను అడిగాం.